గుహలో నది, నదిలో నాన్నమ్మ

ఫారం మీద ఐదు ప్రశ్నలున్నాయి. గుండె జబ్బు ఉందా? వెన్నునొప్పి ఉందా? ఇటీవల ఆపరేషన్ ఏదైనా జరిగిందా? గర్భవతా? ఈత వచ్చా? మొదటి నాలుగింటికీ కొడుకే ‘లేదు’ అని టిక్కు పెట్టేశాడు. ఐదో ప్రశ్న దగ్గర పెన్ను ఆపి, "అమ్మా, నీకు ఈత వచ్చు కదా? గోదావరి ఒడ్డున పెరిగావు" అన్నాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వచ్చేది" అన్నారు. వెనక క్యూలో జనం గోల చేస్తున్నారు. అతనికి అది "వచ్చు" అన్నట్టే వినపడింది.

2025 ఫిబ్రవరి. అమెరికాలోని టెక్సస్ తీరాన గాల్వెస్టన్ రేవు నుంచి పశ్చిమ కరీబియన్‌కు బయల్దేరిన విహార నౌకలో ఓ సాయంత్రం అది. నౌక ఆగిన చోట ఒడ్డుకు దిగి ఓ పూట తిరిగి రావడానికి టిక్కెట్లు అమ్మే కౌంటర్ ముందు క్యూ చాంతాడంత ఉంది. షోర్ ఎక్స్‌కర్షన్లు అంటారు వీటిని. మర్నాడు నౌక ఆగబోయేది బెలీజ్‌లో. మెక్సికోకు దిగువన, గ్వాటెమాలాను ఆనుకుని ఉన్న చిన్న దేశం. 1973 దాకా దాని పేరు బ్రిటిష్ హోండురస్. స్వాతంత్ర్యం వచ్చింది 1981లో. మధ్య అమెరికాలో ఇంగ్లీషు అధికార భాషగా ఉన్న దేశం అదొక్కటే. జనాభా నాలుగు లక్షలు, దాదాపు మన రాజమండ్రి అంత. 2018లో నౌకల్లో ఆ దేశానికి వచ్చిపోయినవారు సుమారు 12 లక్షలు. అంటే ఒక్కో పౌరుడికి ముగ్గురు అతిథులు, అందరూ సాయంత్రానికి వెళ్లిపోయేవారే.

ఆమె వయసు 62. రాజమండ్రికి దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో మూడు దశాబ్దాలకు పైగా సోషల్ టీచర్‌గా పనిచేసి 2024లో రిటైరయ్యారు. ఆ శీతాకాలమే భర్తతో కలిసి హ్యూస్టన్‌లోని కొడుకు ఇంటికి వచ్చారు. అమెరికా వచ్చిన తల్లిదండ్రుల కోసం ప్రతి ఇంట్లో ఓ జాబితా సిద్ధంగా ఉంటుంది. నయాగరా, న్యూయార్క్, లాస్ వేగాస్, గ్రాండ్ కెన్యన్, ఓ గుడి. ఆరు నెలల్లో అవన్నీ చూపించి, ఫొటోలు తీసి, పచ్చడి సీసాలు ఖాళీ కాగానే విమానం ఎక్కించాలి. ఈమధ్య ఆ జాబితాలో క్రూయిజ్ కూడా చేరింది. తల్లిదండ్రులను నడిపించక్కర్లేదు, వంట చేయక్కర్లేదు, గది మారక్కర్లేదు. పిల్లలకిది సుఖం. పెద్దలకు సముద్రం.

గుహలో ట్యూబు మీద తేలుతూ వెళ్లే యాత్ర ఆమె అడిగింది కాదు. పదకొండేళ్ల మనవరాలి పట్టు అది. మూడేళ్ల తమ్ముణ్ని రానివ్వరు కాబట్టి వాడితో తల్లి నౌకలోనే ఉండాలి. మోకాళ్ల నొప్పులతో తాతయ్య నడవలేరు. "నాన్నమ్మ వస్తేనే వెళ్తా" అని ఆ పిల్ల భీష్మించుకుంది. భోజనాల దగ్గర ఈ మాట వచ్చినప్పుడు తాతయ్య ప్లేటులోంచి తల ఎత్తకుండానే "నువ్వు వెళ్లక్కర్లేదులే" అన్నారు. వయసు గురించి అన్నారనుకున్నాడు కొడుకు.

ఆమె వెళ్తానన్నారు. మనవరాలి కోసం కొంత. మిగతాది సున్నపురాయి కోసం. కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాన నీరు సున్నపురాయిని ఎలా కరిగిస్తుందో, నేల కింద నదులు గుహలను ఎలా తొలుస్తాయో బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కి ఆమె బోర్డు మీద సుద్దముక్కతో గీసి చెప్పారు. ఒకసారి పిల్లల్ని అరకు రైల్లో బొర్రా గుహలకూ తీసుకెళ్లారు. అక్కడ సిమెంటు మెట్లు, రంగు దీపాలు, రాతిలో శివలింగం చూపించి చిల్లర అడిగేవాళ్లు ఉన్నారు. ఆ గుహలను తొలిచిన గోస్తని మాత్రం ఎక్కడో కిందుగా పారుతోంది. నది లోపలే ఉండి, గుహను ఇంకా తొలుస్తూ ఉండగా చూడొచ్చని ఆమెకు తెలియదు.

టిక్కెట్టు మనిషికి వంద డాలర్ల పైచిలుకు. బెలీజ్ ఒడ్డున దిగి బేరమాడితే దాదాపు సగానికే దొరుకుతుందని నౌకలో అందరికీ తెలుసు. అయినా క్యూ కడతారు, ఎందుకంటే నౌక తరఫున కొన్న యాత్ర ఆలస్యమైతే నౌక ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్లు ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకు సొంత ఖర్చుతో ఎగిరి రావాల్సిందే. ఆ అదనపు డబ్బంతా నిరీక్షణకు కట్టే బీమా అన్నమాట. అయితే టిక్కెట్టు వెనక చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంటుంది. యాత్ర నడిపేది స్థానిక సంస్థ, అది స్వతంత్ర కాంట్రాక్టరు, అక్కడ ఏం జరిగినా నౌక సంస్థకు బాధ్యత లేదు. డబ్బు తీసుకునేటప్పుడు ఒక్కటి, ప్రమాదమప్పుడు ఇద్దరు. ఈ వ్యాపారంలో ఇది మామూలే. కొడుకు చదవకుండానే సంతకం పెట్టాడు. ఆమె కళ్లద్దాలు సవరించుకుని మొత్తం చదివి సంతకం పెట్టారు.

బెలీజ్ సిటీకి పెద్ద నౌకలు వెళ్లలేవు. అక్కడి సముద్రం లోతు తక్కువ. తీరం వెంట దాదాపు 300 కిలోమీటర్ల పొడవున పగడపు దిబ్బ ఉంది. 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది అది. నౌక కొన్ని మైళ్ల అవతల లంగరు వేస్తే, టెండర్లనే చిన్న మోటారు బోట్లు వచ్చి జనాన్ని ఒడ్డుకు చేరవేస్తాయి. ప్రయాణం ఇరవై నిమిషాలు. కొడలు కొనిపెట్టిన నల్ల లెగ్గింగ్స్, పొడవు చేతుల చొక్కా, రబ్బరు బూట్లు వేసుకుని, జీవితంలో మొదటిసారి చీర లేకుండా జనం మధ్యకు వచ్చిన ఇబ్బందిలో ఉన్న ఆమెకు బోటు భయం అంతగా తెలియలేదు. కానీ ఇరవై నిమిషాలూ కూర్చున్న బల్ల అంచును పట్టుకునే ఉన్నారు.

ఒడ్డున నగల దుకాణాలు, రమ్ము సీసాలు, జడలల్లే ఆడవాళ్లు. వాటి వెనక బస్సు. గైడ్ నలభై ఏళ్లవాడు. ఇంగ్లీషు మాట్లాడుతూ మాట్లాడుతూ డ్రైవరుతో క్రియోల్‌లోకి జారిపోయేవాడు. ఎనిమిది మందికి అతనొక్కడు. ఊరు దాటుతుంటే రోడ్డుకు రెండు పక్కలా సమాధులు కనిపించాయి. శ్మశానం మధ్యలోంచే హైవే వెళ్తుంది. పడమరగా పదహారు మైళ్లు పోయాక హ్యాటీవిల్ అనే ఊరు వచ్చింది. బస్సులో సగం మంది నిద్రపోతున్నారు. గైడ్ మైకులో ఆ ఊరి కథ చెప్పాడు.

1961 అక్టోబరు 31న హ్యాటీ అనే తుపాను బెలీజ్ సిటీ మీద పడింది. సముద్రం ఊళ్లోకి వచ్చేసింది. రెండు వందల యాభై మందికి పైగా చనిపోయారు. నిలువ నీడ లేనివాళ్ల కోసం వేసిన శిబిరమే ఈ ఊరు. తాత్కాలికమన్నారు, అలాగే ఉండిపోయింది. తీరాన రాజధాని ఉంటే లాభం లేదని లోపలికి యాభై మైళ్ల దూరంలో బెల్మోపాన్ కట్టి, 1970లో రాజధానిని అక్కడికి మార్చారు. "మా అమ్మమ్మ ఇక్కడికి చేతిలో ఒక్క గిన్నెతో వచ్చింది. ఆ గిన్నె ఇంకా మా ఇంట్లో ఉంది" అన్నాడు గైడ్.

ఆమె ముందు సీటు మీదికి వంగి, హైస్కూలు ఇంగ్లీషులో, "మా దగ్గరా వరద వచ్చింది. 1986 ఆగస్టులో. నది" అన్నారు. అంతకుమించి ఏం చెప్పాలో తెలియక వెనక్కి వాలారు. గైడ్ అద్దంలోంచి చూసి తల ఊపాడు.

ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులతో పారింది. గట్లు తెగాయి. కోనసీమ లంకల్లో జనం ఇళ్ల కప్పుల మీదా, కొబ్బరిచెట్ల మీదా రోజులు గడిపారు. కొడుక్కి ఈ కథ తెలుసు, తెలిసినంత మేరకు. అమ్మమ్మ ఇంట్లో గోడ మీద దండ వేసిన ఓ కుర్రవాడి ఫొటో ఉండేది. వరదలో పోయిన మేనమామ. అమ్మ గోదావరి స్నానానికి వెళ్లదని, 2015 పుష్కరాలకు కూడా చెంబుతో నీళ్లు తెప్పించుకుందని తెలుసు. రాజమండ్రిలో ఉంటూ కూడా పాపికొండల బోటు ఎక్కలేదని తెలుసు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి నలభై మందికి పైగా చనిపోయినప్పుడు, బోటును పైకి తీసేదాకా ఆ నెల పైచిలుకూ ఇంట్లో టీవీ పెట్టనివ్వలేదని నాన్న ఫోన్లో చెప్పారు. ఇవన్నీ విడివిడిగా తెలుసు. ఫారం నింపేటప్పుడు కలిపి గుర్తుకు రాలేదు. పిల్లలు తల్లిదండ్రుల గురించి తెలుసుకునేది చాలావరకు ఇలాగే ఉంటుంది.

గంటకు పైగా ప్రయాణించాక బస్సు అడవిలో ఆగింది. ఆ చోటి పేరు నోహోచ్ చేన్. మాయా భాషలో నోహోచ్ అంటే పెద్ద, చేన్ అంటే బావి, గుహ కూడా. దాని గుండా కేవ్స్ బ్రాంచ్ అనే నది పారుతుంది. లైఫ్ జాకెట్, దీపం బిగించిన హెల్మెట్, పసుప్పచ్చ ట్యూబు ఇచ్చారు. గైడ్ ప్రతి ఒక్కరి జాకెట్ పట్టీలూ స్వయంగా లాగి చూశాడు. ఆమె దగ్గర రెండుసార్లు లాగించుకున్నారు. ట్యూబు చూసి మాత్రం నవ్వారు. గోదావరి జిల్లాల కాలవల్లో పిల్లలు ఈత నేర్చుకునేది లారీ ట్యూబులతోనే. దీనికి రెండు పిడులు, తల ఆనించుకోవడానికో దిండు ఎక్కువ. వంద డాలర్లకు ఆ మాత్రం ఉండాలి మరి.

ట్యూబు భుజాన వేసుకుని అడవిలో అరగంటకు పైగా నడక. గైడ్ ఆగి ఆగి చూపించాడు. ఆకు ముక్కలు గొడుగుల్లా పట్టుకుని బారులు తీరిన చీమలు, కోహూన్ తాటిచెట్లు, కాండమంతా ముళ్లున్న ఓ చెట్టు. ఆ ముల్లు గుచ్చుకుంటే మంట, మందు కూడా ఆ చెట్టులోనే ఉందట. అందుకే దాన్ని ‘ఇచ్చి పుచ్చుకునే చెట్టు’ అంటారు. చెదపురుగు తిని చూడమని చేయి చాపితే అమెరికన్ కుర్రాడొకడు తిన్నాడు. మనవరాలు తినబోతే నాన్నమ్మ ఆపారు.

నడక మధ్యలో నది దాటాలి. నడుము లోతు, కట్టిన తాడు పట్టుకుని. ఎండాకాలం కాబట్టి నీళ్లు నీలి ఆకుపచ్చగా, అడుగున గులకరాళ్లు కనపడేంత తేటగా ఉన్నాయి. వానలు పడితే ఇదే నది ఎర్రబడి పొంగుతుంది, అప్పుడు యాత్రలు ఆపేస్తారు. ఒడ్డున నిలబడి ఆమె అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అదే. "పైన వాన పడితే ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుంది?" గైడ్ ఆమెను కొత్తగా చూశాడు. పర్యాటకులు అడిగే ప్రశ్న కాదది. నిన్నటి నుంచి వాన లేదని, పొద్దున్నే మనుషులు చూసి వచ్చారని, తన అమ్మమ్మను కూడా ఈ నదిలో తీసుకెళ్లానని చెప్పాడు. ఆమె తాడు పట్టుకున్నారు. చల్లటి నీళ్లు నడుము దాకా వచ్చినప్పుడు పెదాలు కదిలాయి. మనవరాలు శ్లోకమనుకుంది.

అసలు చిక్కు ట్యూబుల దగ్గర వచ్చింది. గుహలో విడిపోకుండా ఒకరి వెనక ఒకర్ని గొలుసులా కడతారు. వెనకవాళ్లు కాళ్లు ముందుకు చాపితే, ముందువాళ్లు ఆ పాదాలను చంకల కింద ఇరికించి పట్టుకోవాలి. గైడ్ ఆమెను ముందూ, కొడుకును వెనకా కూర్చోమన్నాడు. కొడుకు కాళ్లు ముడుచుకుని నీళ్లలోనే నిలబడిపోయాడు. అమ్మ భుజాలకు కాళ్లు తగిలించడం ఎలా? పదిహేనేళ్ల అమెరికా కాపురం ఆ క్షణంలో ఏమైపోయిందో తెలియదు. "ఏమైంది?" అన్నాడు గైడ్. అతను చెప్పలేకపోయాడు. చివరికి కొడుకు ముందుకు వచ్చాడు, తల్లి మధ్యలోకి, పిల్ల వెనక్కి. కొడుకు చేతుల్లో తల్లి పాదాలు, ఆమె చేతుల్లో మనవరాలి పాదాలు. "ఇప్పుడు సరిపోయింది" అన్నారామె.

గుహ నోరు పెద్దది. తీగలు వేలాడుతున్నాయి. వెలుగు వెనకబడిన కొద్దీ చలి, గబ్బిలాల వాసన. హెల్మెట్ దీపాల వెలుతురులో కప్పు మీద గుండ్రటి గుంటలు, ఒక్కో గుంటలో ముద్దలా గబ్బిలాలు. గోడ మీది నుంచి జారి గడ్డకట్టిన జలపాతంలాంటి రాయి, దాని మీద ఇంకా కారుతున్న నీరు. గైడ్ బడిపిల్లల్ని అడిగినట్టు, "పైనుంచి వేలాడేవి ఏమిటి?" అన్నాడు. "స్టాలక్టైట్లు. కింద నుంచి లేచేవి స్టాలగ్మైట్లు. రెండూ కలిస్తే స్తంభం" అని అందరికన్నా ముందు ఆమె గొంతే వినపడింది. అప్పటి నుంచి గైడ్ ఆమెను టీచర్ అనడం మొదలుపెట్టాడు.

మాయా ప్రజలు ఈ గుహల్లో కాపురం చేయలేదు. పూజలకు వచ్చేవారు. వారికిది షిబాల్బా, అంటే పాతాళం. ఆ మాటకు భయస్థలం అని అర్థం. దాన్ని మృత్యు దేవతలు ఏలుతారు, వానలకు మూలం కూడా ఆ లోపలే. అందుకే కాగడాలతో వచ్చి కుండల్లో నైవేద్యాలు పెట్టి, కుండలు పగలగొట్టి వెళ్లేవారు. ఈ ప్రాంతపు గుహల్లో ఆ పెంకులు ఇప్పటికీ దొరుకుతాయి. వెయ్యేళ్ల కిందట వాళ్ల నగరాలు ఖాళీ అయ్యాయి. కారణాల్లో కరువు ఒకటని చెప్పింది కూడా ఓ గుహే. దక్షిణ బెలీజ్‌లోని యోక్ బలుం గుహలో లేచిన ఒక స్టాలగ్మైట్‌ను కోసి, దాని పొరల్లోంచి రెండు వేల ఏళ్ల వానల లెక్క తీశారు శాస్త్రవేత్తలు. 2012లో సైన్స్ పత్రికలో వచ్చింది. చుక్క చుక్కగా రాయి పెరగడం గురించి ఆమె పాఠం చెప్పారు గానీ, ఆ రాయి వాన లెక్కలు రాసుకుంటుందని ఆమె పుస్తకంలో లేదు. గైడ్ చెబుతుంటే నోట్సు రాసుకునే పిల్లలా విన్నారు. ఆ పది నిమిషాలు భయం సంగతి మరిచిపోయారు.

తర్వాత గైడ్ దీపాలు ఆర్పమన్నాడు.

ఇది అన్ని బృందాలకూ చేసేదే, యాత్రలో భాగం. ఒక్కో దీపమూ ఆరింది. కన్ను తెరిచినా మూసినా ఒకటే చీకటి. మొదట ఎవరో కిచకిచలాడారు, తర్వాత అదీ ఆగింది. నీరు మాత్రం వినపడుతోంది. నెమ్మదైన నీరే. కానీ గుహలో చప్పుడు పెద్దదవుతుంది. ఎటు నుంచి వస్తోందో తెలియదు. ట్యూబులు కాస్త తిరిగాయి. ఎక్కడో రాయికి తగిలి గొలుసు ఒక్కసారి కుదిపింది.

"నాన్నమ్మా, నొప్పి" అంది పిల్ల. జవాబు లేదు. "నాన్నమ్మా, వదులు."

"వదలను" అన్నారామె.

కొడుకు ముప్పై తొమ్మిదేళ్లలో ఆ గొంతు వినలేదు. క్లాసులో అల్లరి పిల్లల్ని అదిలించే గొంతు కాదు, నాన్న మీద విసుక్కునే గొంతూ కాదు. తన చేతుల్లో ఉన్న ఆమె పాదాలు వణుకుతున్నాయి. వెనక్కి తిరగడం కుదరదు, తిరిగితే పాదాలు వదలాలి. పాదాలను ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "అమ్మా, నేనున్నా. పట్టుకునే ఉన్నా" అన్నాడు. పిల్ల ఏడుపు మొదలుపెట్టబోతుండగా గైడ్ దీపం వెలిగింది. "టీచర్, ఓకే?" అన్నాడు. నీళ్లలోకి దిగి, గొలుసు పక్కనే నడుస్తూ, మిగతా గుహ అంతా ఆమె ట్యూబు పిడి మీద చేయి వేసే ఉంచాడు. ఛలోక్తులు ఆపేశాడు. మిగతా ఐదుగురికీ అతని వినోదం కాస్త తగ్గి ఉంటుంది. ఎవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు.

గుహ అవతల ఒక్కసారిగా ఎండ, ఆకుపచ్చ. ఒడ్డున కెమెరాతో ఓ మనిషి. అరగంట తర్వాత ఆ ఫొటోలు అమ్మకానికి వచ్చాయి. అందులో కొడుకు నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు, పిల్ల మూతి ముడుచుకుంది, ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. అయినా కొన్నారు. భోజనం అన్నం, బీన్స్ కొబ్బరిపాలలో కలిపి వండింది, కోడికూర, వేయించిన అరటిపండు. పక్కన హబనేరో మిరపకాయల సాసు. చేతిసంచీలో నౌక నుంచి కట్టి తెచ్చిన కందిపొడి పొట్లం ఉన్నా తీయలేదామె. ఈ దేశంలోనూ భారతీయులున్నారని, 19వ శతాబ్దంలో చెరకు తోటలకు తెచ్చిన కూలీల మనవలని, భాష పోయినా కూరను ఇంకా ‘టకారి’ అంటారని గైడ్ చెప్పాడు. తర్కారి అనే మాట అంత దూరం వచ్చిందా అని ఇంకో రోజైతే ఆమె పది ప్రశ్నలు వేసేవారు. ఆరోజు తల ఊపారు. బస్సెక్కే ముందు అందరూ ఇచ్చినట్టే కొడుకు గైడ్‌కు టిప్పు ఇచ్చాడు. ఆమె ఆగి, అతని రెండు చేతులూ పట్టుకుని, "మీ అమ్మమ్మ గిన్నె జాగ్రత్త" అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఏమీ అడగలేదు. అడిగింది పిల్లే, టెండర్ బోటులో. కాళ్లు బల్ల మీదికి పెట్టి మడమల పైన ఎర్రగా కమిలిన గుర్తులు చూపిస్తూ, "ఎందుకంత గట్టిగా పట్టుకున్నావ్?" అంది. కోపం కాదు, తెలుసుకోవాలని.

ఆమె ఆ గుర్తుల మీద బొటనవేలితో రాస్తూ చెప్పారు. అప్పటికి వరద వచ్చి రెండో రోజు. లంకలోంచి జనాన్ని నాటు పడవల్లో తీసుకొస్తున్నారు. పురిటికి పుట్టింటికి వచ్చి, మెట్టినింటికి ఇంకా వెళ్లని ఆమె ఎడమ చేతిలో ఎనిమిది నెలల పసివాడు. కుడి చేత్తో తమ్ముడి మణికట్టు. వాడికి పదిహేనేళ్లు. చీకటి పడింది. పడవ నీటిలో మునిగి ఉన్న దేనికో తగిలి ఒరిగింది. తమ్ముడు నీళ్లలో, చేయి ఆమె చేతిలో. పడవ అటే వాలుతోంది. బిడ్డ జారుతున్నాడు.

"వదులక్కా, నాకు ఈతొచ్చు అన్నాడు" అన్నారామె. "నాకూ తెలుసు వాడికి ఈతొచ్చని. నేనే నేర్పా, కాలవలో, ట్యూబు మీద."

రెండు రోజుల తర్వాత దిగువన ఇంకో లంకలో దొరికాడు. చేయి జారిందనే ఇంట్లో చెప్పారు. ఆయనకొక్కరికే నిజం చెప్పారు, పెళ్లైన ఇన్నేళ్లలో ఒక్కసారి.

కొడుకు రెయిలింగ్ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. ఆ పసివాడు ఎవరని అతను అడగలేదు. అతను పుట్టింది 1985 డిసెంబరులో. ఇంజను శబ్దంలో కొంత వినపడకపోయి ఉండొచ్చు కూడా. కాసేపయ్యాక వచ్చి ఆమె పక్కన, బల్ల మీద కాదు, కింద పాదాల దగ్గర కూర్చున్నాడు. తడి బూట్లు విప్పుకోమ్మా, చలి పడుతుంది అన్నాడు. ఆమె విప్పలేదు. అతనే విప్పాడు.

"తాతయ్య పేరేంటి?" అంది పిల్ల. చనిపోయినవాళ్లంతా తాతయ్యలే అనుకుంటుంది.

"తాతయ్యేంటే? నీ కన్నా నాలుగేళ్లే పెద్ద" అన్నారామె. పేరు చెప్పారు. పిల్ల పలికింది. చివరి ‘ళ’ దాని నోట ‘ల’ అయింది. టీచర్ ఆగి, నాలుక మడిచి చూపించి, మళ్లీ అనమన్నారు. మళ్లీ తప్పింది. నౌక ఎదురుగా ఐదంతస్తుల తెల్లగోడలా పెరుగుతోంది. పైన ఎక్కడో రెయిలింగ్‌కు ఆనుకుని మోకాళ్ల నొప్పుల పెద్దాయన ఉన్నారో లేదో ఇంత దూరం నుంచి కనపడదు. మూడోసారి పిల్ల సరిగ్గా పలికింది. ఆమె ఇంకోసారి అనిపించుకున్నారు.